సిగరెట్టు కాలేంతసేపు

అలా అని వాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారని ఎందుకనుకోవాలి, వయసు మీద పడుతున్న మనిషికి పట్టే జబ్బే ఇది, ఎక్కడ రెండు గొంతులు తగ్గినా అందులో తన పేరే ఉన్నట్టుంటుంది అనుకున్నాడు రైమో. అనుకుని, మళ్ళీ చెవి అటే వేశాడు.

నేలమాళిగ నడవాలో, ఆ భవనంలోని ఇళ్ళన్నీ వంతులేసుకునే సౌనా అనే ఆవిరిస్నానపు గది తలుపుకి ఎదురుగా, చెక్కబల్ల మీద కూర్చుని ఉన్నాడు. స్నానపు అంగీ తొడుక్కున్నాడు. భుజం మీద తువ్వాలు, పక్కన బీరు సీసా. తువ్వాలు ఇంకా పొడిగానే ఉంది.

శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఆ సౌనా వాళ్ళింటి వంతు. అందులో మొదటి సగం భార్య ఇర్యాది, రెండో సగం తనది. కూతురు కత్రి పెళ్ళి కాకముందు తల్లితో వెళ్ళేది. ఇప్పుడు బుధవారం నాడు రెండు సంచులతో వచ్చింది కాబట్టి మళ్ళీ తల్లితోనే వెళ్ళింది.

తన సగం మొదలై చాలాసేపయింది. తలుపు తెరుచుకోలేదు.

మొదట్లో కాగిన రాళ్ళ మీద నీళ్ళు పోసిన చప్పుడు సుయ్యిమని వినిపించింది. తర్వాత అదీ లేదు. బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి కూర్చున్నట్టున్నారు. ఇర్యా గొంతు ఒకసారి, కత్రి గొంతు రెండుసార్లు. మాటలు తెలియడం లేదు. మాటల బరువు మాత్రం తెలుస్తోంది.

తలుపు తట్టవచ్చు. కాని సౌనాలో ఉన్నవాళ్ళని ఎవరూ తట్టి పిలవరు. అది మర్యాద కాదు. నిజానికి మర్యాద కూడా కాదు తనని ఆపింది. తట్టగానే లోపల మాట ఆగిపోతుంది. ఆ ఆగడం వినాలని లేదు. బుధవారం నుంచి ఇంట్లో విన్నది అదే. తను వంటింట్లో కాలు పెట్టడం, మాట ఆగడం, కప్పులో చెంచా చప్పుడు పెద్దదవడం.

"ఏమైంది తల్లీ?" అని అడిగాడు బుధవారమే.

"ఏం కాలేదు నాన్నా."

ఏం కాకపోతే రెండు సంచులెందుకు? ఒక సంచి చాలు కదా.

అంగీ జేబులోంచి నల్లబిళ్ళ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. ఉప్పు వేసిన అతిమధురం. శరత్కాలంలో సిగరెట్లు మానేసినప్పటి నుంచి ఇదే తిండి. నాలుక మీద ఉప్పు కరుగుతుంది, ఆ కాసేపు గొంతు దేన్నీ అడగదు. కరగడం అయిపోయాక మళ్ళీ అడుగుతుంది. మిగతా రోజులు ఎలాగో గడుస్తాయి. శనివారం మాత్రం అసలు పరీక్ష. సౌనా అయ్యాక, ఒళ్ళంతా పొగలు కక్కుతూ బాల్కనీలో నిలబడి కాల్చే సిగరెట్టు కోసమే వారమంతా బతికిన మనిషి తను. ఆ ఒక్కటీ తీసేస్తే వారానికి చివర లేకుండా పోయింది. రోజులకి కీళ్ళు లేకుండా పోయాయి. పొద్దున లేచింది మొదలు పడుకునే వరకూ ఒకటే ఎముకలా నిడుపుగా, వంగకుండా ఉంటోంది రోజు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మూడో అంతస్తు హిల్కా దిగి వస్తోంది. ముసలావిడ. ఒక చేతిలో బకెట్, రెండో చేతిలో వీపు రుద్దుకునే బ్రష్షు. ఏడు నుంచి ఆమె వంతు.

"అయిందా స్నానం?" అంది. వంగి చూసి, "ఒంటి మీద తడే లేదేం?"

"లోపల ఆడవాళ్ళున్నారండీ."

"మీ వంతు అయిపోవస్తోంది."

"నా వంతు ఇంకా మొదలే కాలేదు."

"అది మీ ఇంటి గొడవ నాయనా. ఏడయిందంటే ఆవిరి నాది." బల్ల మీద అతని పక్కనే కూలబడింది. "పోన్లే, దొరక్క దొరక్క దొరికావు. నువ్వు సిగరెట్లు మానేశావని మీ ఆవిడ క్రిస్మస్‌కి మెట్ల మీద కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది."

"మానేశాను."

"మరి మీ బాల్కనీ కింద, గులాబీ పొద మొదట్లో ఆ పీకలేమిటి? ఇవాళ పొద్దున్నే చూశాను. తెల్లగా, నిన్ననే పారేసినట్టున్నాయి."

రైమోకి చెవులు వేడెక్కాయి. "అవి పాతవండీ. పోయిన శరత్కాలానివి. మంచు కింద పడి ఉన్నాయి. మంచు కరిగింది, బయటపడ్డాయి."

"నెపం మంచు మీదకి తోసేశావన్నమాట."

"మంచు కింద పడ్డది చెడదని మీకు తెలియనిదా?"

"ఎందుకు తెలియదు! మా ఆయన మూడుసార్లు మానేశాడు. మూడుసార్లూ ఆయన్ని కాపాడింది మంచే." ముసలావిడ తన మాటకి తనే నవ్వుకుంది. "పెరడు ఊడ్చే రోజు వస్తోంది. అందరూ పారలూ చీపుళ్ళూ పట్టుకు నిలబడతారు. ఆ పీకలు నువ్వే ఏరుకో, చెబుతున్నా. నేను వంగలేను, వంగినా అవి ఎత్తను."

అప్పుడే తలుపు తెరుచుకుంది.

ముందు ఇర్యా, వెనక కత్రి. ఇద్దరి తలలకీ తువ్వాళ్ళు చుట్టి ఉన్నాయి. మొహాలు ఎర్రగా ఉన్నాయి. కత్రి కళ్ళు మరీ ఎర్రగా ఉన్నాయి. సౌనా నుంచి బయటికొచ్చిన ఎవరి కళ్ళయినా ఎర్రగానే ఉంటాయి. ఏడ్చినవాళ్ళకి అంతకంటే మంచి చోటు ఉండదు.

"అయ్యో," అంది ఇర్యా. "నీ వంతు."

"పోయింది."

"ఒక పది నిమిషాలు హిల్కా గారిని అడగకపోయావా?"

"అడగమను," అంది హిల్కా బకెట్ ఎత్తుకుని. "ఇస్తే కదా."

ఇద్దరాడవాళ్ళ వెనక మెట్లెక్కాడు రైమో. వాళ్ళ మెడల మీంచి ఇంకా సన్నగా ఆవిరి లేస్తోంది. తన భుజం మీద పొడి తువ్వాలు. ఆ పొడితనాన్ని మెట్ల మీద ఎవరైనా చూస్తారేమోనని దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

*

ఇర్యా సాసేజిలు పెనం మీద వేసింది. కత్రి బల్ల మీద పళ్ళేలు పెట్టింది. ఆవముద్ద గొట్టం, నల్ల రొట్టె, వెన్న. రైమో కిటికీ పక్క కుర్చీలో, తన కుర్చీలో కూర్చున్నాడు. బయట వెలుగు ఇంకా ఉంది. ఏప్రిల్ వెలుగు, చల్లటిది, పెరటిలోని మురికి మంచు కుప్ప మీద పడుతోంది.

"హిల్కా ఏమంటోంది?" అంది ఇర్యా, వెనక్కి తిరక్కుండా.

"విన్నావుగా."

"వినలేదు కాబట్టే అడుగుతున్నా."

"పీకలట. గులాబీ పొద కింద."

పెనం మీద గరిటె ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"పాతవేనని చెప్పాను," అన్నాడు రైమో.

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁ."

"నువ్వూ నమ్మవా?"

"నమ్మకపోతే నీ చొక్కాలు వాసన చూస్తూ కూర్చునేదాన్ని. చూస్తున్నానా? కాల్చడం లేదని నాకు తెలుసు. కాల్చేవాడివైతే నీ మొహం ఇలా ఉండదు."

"ఎలా ఉంది నా మొహం?"

"గేటు దగ్గర కాపలావాడి మొహంలా ఉంది."

కత్రి నవ్వబోయి ఆపుకుంది. ఆపుకోవడం రైమో చూశాడు. నవ్వి ఉంటే బాగుండేది.

"సరే," అన్నాడు. "కాపలావాణ్ణే. ఈ ఇంట్లో ఏం జరుగుతోందో కాపలావాడికి తప్ప అందరికీ తెలుసు. నా వంతు కూడా మింగేసి మాట్లాడుకున్నారు. అంతసేపు ఏం మాట్లాడారో అడగొచ్చా?"

"నాన్నా, వంతు సంగతి మర్చిపోయాం. నిజంగా."

"వంతు పోతే పోయింది. మాటల సంగతి అడుగుతున్నా."

ఫ్రిజ్ గుర్రుమంటూ మొదలై, తనలో తనే ఏదో గొణుక్కుని ఆగింది.

ఇర్యా పొయ్యి ఆర్పింది. చేతులు తుడుచుకుంది. మాట నోటిదాకా వచ్చినప్పుడు చేతులు తుడుచుకోవడం ఆమెకి అలవాటు. తడి లేకపోయినా తుడుచుకుంటుంది.

"మాట్లాడుకోడానికి మాకు ఇంకెక్కడుందయ్యా చోటు?"

"ఇల్లంతా ఉందిగా."

"ఇల్లంతా నువ్వున్నావు. పొద్దున లేస్తే ఆ కుర్చీలో నువ్వు. కాఫీ అయినా లేవవు, తిండి అయినా లేవవు. ఆ నల్లబిళ్ళలు నాకుతూ, మేం నోరు తెరిస్తే మా నోళ్ళ కేసి చూస్తూ. ఇదివరకు లేచేవాడివి."

"ఇదివరకు సిగరెట్టుకి లేచేవాణ్ణి."

"అదే. లేచి, ఆ బాల్కనీ తలుపు తీసుకుని పోయేవాడివి. సిగరెట్టు కాలేంతసేపు ఈ వంటిల్లు మాదే. అది బళ్ళో ఎవరితో పోట్లాడిందో, పెద్దమనిషైనప్పుడు ఎంత భయపడిందో, ఎర్నోని చేసుకుంటానని మొదటిసారి అన్నదీ, అన్నీ ఆ కాసేపట్లోనే చెప్పింది నాకు. డబ్బాలో పీక నలిపిన చప్పుడు వినపడగానే మాట మార్చేసేవాళ్ళం. పిల్లని పెంచింది నేను కాదు, రైమో. నీ సిగరెట్లు."

"అమ్మా, చాల్లే."

"ఏం చాలు? అబద్ధమా?" ఇర్యా గొంతు పైకి లేచింది. ఆ గొంతు లేవడం అరుదు. "నువ్వు కాల్చే రోజులే నయం. ఇంట్లో కాస్త ఊపిరాడేది."

అన్నాక ఆమెకే తెలిసింది ఏమన్నదో. పళ్ళెం ఒకటి తీసి, దాన్ని ఉన్నచోటే మళ్ళీ పెట్టింది.

రైమోకి ఆరోగ్య కేంద్రంలో నర్సు గుర్తుకొచ్చింది. పొట్టిజుట్టు పిల్ల, కత్రి ఈడుదే. ఊపిరితిత్తుల బొమ్మ పక్కన పెట్టి, ఎవరి కోసం మానేస్తున్నారో ఒకరి పేరు చెప్పండి, అంది. తన కోసం తను మానేసేవాళ్ళు ఎక్కువకాలం నిలబడరట. అతనికి మొదట ఎవరి పేరూ రాలేదు. ఆ రాకపోవడానికి సిగ్గేసి, కూతురి కోసం, అన్నాడు. నోటికొచ్చిన మాట. తర్వాత శీతాకాలమంతా, గొంతు పీకినప్పుడల్లా ఆ మాటనే పట్టుకుని వేలాడాడు. వేలాడగా వేలాడగా అది నిజమైంది. ఆ సంగతి కత్రికి చెప్పలేదు. ఫోన్లో అలాంటివి ఎలా చెబుతారో అతనికి తెలియదు.

ఎవరి కోసం మానేశాడో వాళ్ళకే ఊపిరాడడం లేదు.

"కత్రీ," అన్నాడు చివరికి. "ఎర్నో ఏం చేశాడమ్మా? చెయ్యి చేసుకున్నాడా?"

"లేదు."

"తాగుతున్నాడా?"

"లేదు నాన్నా."

"ఇంకెవరైనా..."

"అయ్యో, లేదు. వాడికంత ఓపికెక్కడిది!"

"మరేం చేశాడు?"

"ఏం చెయ్యలేదు." కత్రి రొట్టెముక్క మీద వెన్న రాస్తోంది. రాసిన చోటే మళ్ళీ రాస్తోంది. "ఏమీ చెయ్యడు. ఇంట్లోనే ఉంటాడు. ఆ కంప్యూటరు ముందు, ఆ కిటికీ ముందు. నేను మాట్లాడాలని వెళ్ళి నిలబడతాను. వెనక్కి తిరగడు. వేలెత్తుతాడు. ఒక్క నిమిషం, అని."

వెన్న కత్తి ఆగింది. తలెత్తకుండా అంది. "ఆ వేలు చూసినప్పుడల్లా నాకు ఏడేళ్ళ పిల్లనైపోయినట్టుంటుంది."

ఇర్యా చటుక్కున తొట్టి వైపు తిరిగి కొళాయి విప్పింది. కడగడానికి అందులో ఏమీ లేదు.

రైమోకి వెంటనే అర్థం కాలేదు. ఏడేళ్ళేమిటి? ఎర్నోకీ ఏడేళ్ళ కత్రికీ ఏమిటి సంబంధం? ఏదో తన చుట్టూ తిరుగుతోందని మాత్రం తెలుస్తోంది, చీకటి గదిలో మనిషి ఉన్నట్టు.

"అంటే?" అన్నాడు.

"ఏం లేదు," అంది కత్రి.

"ఏం లేదంటే ఏంటి? అడిగితే ఏం లేదు, అడక్కపోతే ఏడుపు..."

"రైమో," అంది ఇర్యా, కొళాయి చప్పుడు మీంచి. ఇప్పుడు గొంతులో కోపం లేదు. అలసట ఉంది. అది కోపం కంటే బరువుగా తగిలింది. "కాసేపు బాల్కనీలోకి వెళ్ళు. కాలుస్తావో మానతావో నీ ఇష్టం. కాసేపు వెళ్ళు, అంతే."

లేచాడు. కాలు కుర్చీకి తగిలి కుర్చీ కీచుమంది. కత్రి ఏదైనా అంటుందేమోనని ఒక్క క్షణం ఆగి, తలుపు వైపు నడిచాడు.

*

బాల్కనీ తలుపు పాతది. ఏటా చలికాలమంతా తడి తాగి ఉబ్బి, వసంతం వచ్చేసరికి చట్రంలో బిగుసుకుపోతుంది. లోపల్నుంచి భుజంతో ఒక్క పోటు పొడిస్తే బయటికి తెరుచుకుంటుంది. బయటినుంచి మాత్రం రెండు చేతులూ పెట్టి, కాస్త పైకెత్తి లాగాలి. కాల్చే రోజుల్లో ఒక చేతిలో ఎప్పుడూ సిగరెట్ల పాకెట్టుండేది, ఒంటిచేత్తో ఆ తలుపు రాదు. కాలి బొటనవేలితో తన్నేవాడు. లోపల్నుంచి ఇర్యానో పిల్లో వచ్చి తోసేవాళ్ళు. బాగు చేయిద్దాం, బాగు చేయిద్దాం అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిచాయి.

బయటికి వచ్చి తలుపు మూశాడు. ఊళ్ళో కాగితం మిల్లు వాసన గాలి మీద వస్తోంది. రిటైరయ్యేదాకా ఆ మిల్లులోనే పని చేసినా ఆ వాసన తనకి తెలియనే తెలియదు. సిగరెట్లు మానేశాక ముక్కు మేలుకుని, తన జీవితమంతా ఏ వాసనలో గడిచిందో చెప్పింది. అది కూడా ఒక లాభమేనా?

కుర్చీ పెరటి వైపు, మంచు రాకుండా బాల్కనీకి బిగించిన జరుపుడు అద్దాల వైపు తిరిగి ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. కూర్చుంటే వీపు వంటింటి అద్దం వైపు. కాఫీ డబ్బాని ఇర్యా కడిగి బట్టల క్లిప్పులు పోసింది. దాని పక్కన, గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళే పెట్టె. మూత తీశాడు. దారపు కండెల కింద, ఉన్ని చేతితొడుగు. చేతితొడుగులో సిగరెట్ల పాకెట్టు. మీద జిగేల్‌మనే పొర ఇంకా చిరగలేదు. దాని పక్కనే లైటరు.

ఎందుకు దాచాడో అతనికి తెలుసు. తెరవని పాకెట్టు ఒకటి ఇంట్లో ఉన్నంతవరకూ రోజూ గెలుస్తున్నట్టుంటుంది. అది లేకపోతే గెలుపు ఉండదు, లేకపోవడమే ఉంటుంది. లేకపోవడాన్ని పట్టుకుని మనిషి ఎంతకాలం బతుకుతాడు? ఇర్యాకి ఈ పెట్టె సంగతి తెలిసే ఉంటుంది. తెలిసీ ముట్టుకోలేదు. అదొక రకం నమ్మకమో, అదొక రకం విసుగో.

కూర్చున్నాడు. కింద గులాబీ పొద ముళ్ళతో, ఆకులు లేకుండా ఉంది. దాని మొదట్లో పీకలు. హిల్కా చెప్పినట్టే తెల్లగా ఉన్నాయి. బొటనవేలితో నలిపి మధ్యకి వంచేయడం తన అలవాటు. అన్నీ అలాగే వంగి ఉన్నాయి. తనవే. డబ్బా నిండినప్పుడల్లా బాల్కనీ అద్దం పక్కకి జరిపి కిందికి విసిరేవాడు.

ఇవి పోయిన శరత్కాలానివి మాత్రమే. అంతకు ముందువి? ఏటా వసంతంలో ఎవరో ఒకరు ఊడ్చి తీసుకుపోయారు. ఒక్కొక్క పీక వెనక ఈ వంటింట్లో ఒక మాట నడిచింది. ఏ పీకకి బళ్ళో పోట్లాట? ఏ పీకకి పిల్ల భయం? ఏ పీకకి ఎర్నో పేరు? తను నలిపిన చప్పుడుతో ఎన్ని మాటలు సగంలో తెగాయి? కాల్చినవాడికి రుచి కూడా గుర్తులేదు, ఒక్కదానిది కూడా.

ఏడేళ్ళ పిల్ల.

అప్పుడు తట్టింది అతనికి. ఏడేళ్ళ పిల్ల ఈ అద్దం మీద వేళ్ళతో టకటకమని కొట్టేది. తను తిరిగేవాడు కాడు. భుజం మీంచి ఒక వేలెత్తేవాడు. ఒక్క నిమిషం. సిగరెట్టు సగంలో ఉండేది, సగంలో పారేయడం ఎవరికి ఇష్టం? నిమిషం అయ్యాక లోపలికి వెళ్ళేసరికి పిల్ల అక్కడ ఉండేది కాదు. అద్దం మీద ఊపిరి మరక ఉండేది, అది కూడా ఆరిపోతూ.

ఒకసారి అలాగే కొట్టింది. అలాగే వేలెత్తాడు. లోపలికి వెళ్ళాక ఇర్యా అంది, పన్ను ఊడింది, నీకు చూపిద్దామని అరచేతిలో పట్టుకుని నిలబడింది, అని. వెళ్ళి చూశాడు. మంచం పక్కన గ్లాసులో నీళ్ళు, నీళ్ళ అడుగున పన్ను. ఊడిన పన్ను నీళ్ళలో వేస్తే పొద్దున్నకి నాణెమవుతుందని పిల్లలకి చెప్పే మాట నమ్మి, పిల్ల కళ్ళు మూసుకుని పడుకుంది. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. నాన్నా అని పిలవలేదు. తనూ కత్రీ అని పిలవలేదు. అరచేతిలో ఉన్న పన్నుకీ గ్లాసులో ఉన్న పన్నుకీ తేడా ఏముంది, అనుకుని వచ్చేశాడు.

ఆ వేలు చూసీ చూసీ ఆ పిల్ల ఎక్కడికో వెళ్ళి, అదే వేలున్న మనిషిని వెతికి పెళ్ళి చేసుకుంది.

పాకెట్టు చేతిలో ఉంది. గోరు పొర అంచు కిందికి దానంతటదే వెళ్ళింది. పొరని చింపే సన్నటి ఎర్ర పట్టీ అంగుళం దాకా లేచింది. నోట్లో నీళ్ళూరాయి. మానేసి సంపాదించిందేమిటి? ఎవరికీ అక్కర్లేని కుర్చీ ఒకటి. తను మానేసింది సిగరెట్టు ఒక్కటే. బాల్కనీని మానలేదు. దాన్ని ఎత్తుకొచ్చి వంటింట్లో బల్ల దగ్గర వేసుకుని కూర్చున్నాడు, వాళ్ళకి ఎదురుగా ఉంటూనే వీపు తిప్పుకుని. ఇర్యా అన్నది నిజం. కాపలావాడికి తన గెలుపు తప్ప ఇంకేం కనపడుతుంది?

అలాంటప్పుడు ఒకటి కాలిస్తే ఏం? ఒక్కటి. లోపల వాళ్ళకి కావలసిన కాసేపు వాళ్ళకి దొరుకుతుంది. పాత లెక్క ప్రకారం అందరూ సుఖపడతారు.

పట్టీ సగం దాకా వచ్చింది.

ఇప్పుడు వాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటారు, అనుకున్నాడు. చెవి పెట్టాడు. గొంతులు లేవు. కొళాయి కూడా కట్టేసినట్టుంది. అద్దం వెనక ఏమీ వినిపించడం లేదు.

టకటక.

వేళ్ళతో, అద్దం మీద.

అతని ఎడమచెయ్యి లేచింది. భుజం మీంచి, ఒక్క వేలు, తిన్నగా. అతను లేపలేదు. మోకాలి మీద డాక్టరు సుత్తితో కొడితే కాలు ఎగిరినట్టు అది దానంతటదే లేచింది.

సాయంత్రం వెలుగు తగ్గి, తన ఎదురుగా ఉన్న బాల్కనీ జరుపుడు అద్దాలు మొహం చూసుకునే మసక అద్దాల్లా మారాయి. వాటిలో తన వీపు వెనక వంటింటి దీపం కనిపించింది. దీపం ముందు ఒక వేలు కనిపించింది. వేలి పక్కన, తలకి తువ్వాలు చుట్టుకుని, కత్రి మొహం.

ఇన్నేళ్ళలో ఆ వేలుని అవతలి వైపు నుంచి చూడడం అతనికి అదే మొదటిసారి.

వేలు మడిచాడు. అది తన మాట వినదేమో అనిపించింది, కాని విన్నది. కుర్చీలోంచి లేచి వెనక్కి తిరిగాడు.

కత్రి పెదవులు కదులుతున్నాయి. ఏదో చెబుతోంది. మాట అద్దం ఇవతలికి రావడం లేదు. ఏడుస్తోందో, తిడుతోందో, ఎర్నో దగ్గరికి వెళ్ళిపోతున్నానంటోందో. వెనక ఇర్యా బల్ల పట్టుకుని నిలబడి అటే చూస్తోంది.

పిడి పట్టుకుని లాగాడు. తలుపు రాలేదు. కుడిచేతిలో పాకెట్టు ఉంది. మళ్ళీ లాగాడు. చట్రం మూలిగింది, అంతే. లోపల కత్రి భుజం ఆనించి తోయబోయింది, చిన్నప్పటిలాగే.

వద్దని తల ఊపాడు.

సగం పట్టీ ఊడిన పాకెట్టుని కుర్చీ మీద పెట్టి, రెండు చేతులతో పిడి పట్టుకుని, తలుపుని కాస్త పైకెత్తి తన వైపుకి లాగాడు.